అడుగులతో కొలిచిన చెర

ఒక పెద్దాయన తన ఇంటి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తూ అడుగులు లెక్కపెడుతుంటాడు. ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ నడుస్తాడు. ఖైదీగా ఉన్నప్పుడు తనేం చేసేవాడో కెమెరాకి చేసి చూపిస్తున్నాడు. పత్రీసియో గుస్మాన్ 2010లో తీసిన ‘నొస్టాల్జియా ఫర్ ద లైట్’ అనే డాక్యుమెంటరీలో ఈ సీను ఉండేది కాసేపే. సినిమా నిండా నక్షత్రాలు, గెలాక్సీలు, పెద్ద పెద్ద టెలిస్కోపులు, కంటికి ఆనని ఎడారి. అవన్నీ అందంగానే ఉన్నాయి. కానీ ఏళ్ల తర్వాత కూడా నాకు గుర్తున్నది మాత్రం ఆ పెద్దాయన నడకే.

ఆయన పేరు మిగెల్ లావ్నర్, ఆర్కిటెక్టు. చిలీలో అలెండీ ప్రభుత్వం ఉన్న మూడేళ్లూ పట్టణాభివృద్ధి సంస్థ నడిపాడు. 1973 సెప్టెంబర్ 11న పినోచెట్ సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూల్చేశాక ఒకటి కాదు, ఐదు శిబిరాల్లో ఖైదీగా ఉన్నాడు. ఉన్న ప్రతిచోటా తన అడుగునే కొలబద్ద చేసుకుని కొలిచాడు. బ్యారక్ పొడుగెంత, తలుపు నుంచి ముళ్లకంచె ఎంత దూరం, కాపలా మంచె ఏ మూలన ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ కొలతలతో బొమ్మ గీసేవాడు. తెల్లారేలోపు ఆ కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా చింపి దొడ్లో పడేసేవాడు.

గీసింది చింపేయడానికయితే గీయడం దేనికి? మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది అర్థం కాలేదు. తర్వాత చిన్నప్పటి పలక గుర్తొచ్చింది. ఎక్కాలు రాసి, పంతులుగారికి చూపించి, తుడిచేసి, మళ్లీ రాసేవాళ్లం. రాసింది పలక మీద ఉండక్కర్లేదు, తలలో ఉంటే చాలు. లావ్నర్ చేసింది కూడా అదే. కాగితం ఆయనకి పలక. దొరికితే ప్రాణం మీదికొచ్చే పలక కాబట్టి రోజూ తుడవాల్సిందే. కొన్నాళ్లకి ఆయన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు, డెన్మార్క్ చేరాడు. అక్కడ కూర్చుని ఆ శిబిరాలన్నిట్నీ జ్ఞాపకంలోంచి కాగితం మీదికి దించాడు. ఆ బొమ్మలు అచ్చయ్యాక చూసి, ఆ శిబిరాలు నడిపిన సైనికాధికారులే నోరెళ్లబెట్టారట.

*

కొంచెం వెనక్కి వెళ్లాలి. గుస్మాన్ ఈ కథ బయట నుంచి చెబుతున్న మనిషి కాదు. 1973లో ఆయనకి ముప్ఫైరెండేళ్లు. నలుగురైదుగురు మిత్రులతో కలిసి అలెండీ ప్రభుత్వం చివరి నెలల్ని వీధుల్లో తిరుగుతూ చిత్రీకరిస్తున్నాడు. దేశంలో ఫిల్ము దొరకని రోజులవి. ఫ్రాన్స్ నుంచి క్రిస్ మార్కర్ పంపిన ముడి ఫిల్ముతో ఆ షూటింగు నడిచింది. సైన్యం అధికారం పట్టగానే గుస్మాన్‌ని అరెస్టు చేసి శాంటియాగోలోని నేషనల్ స్టేడియంలో రెండు వారాలు ఉంచారు. తీసిన రీళ్లు స్వీడన్ రాయబార కార్యాలయం సాయంతో ఓడెక్కి దేశం దాటాయి. క్యూబాలో ఏళ్లపాటు ఎడిట్ చేస్తే అవి ‘ద బ్యాటిల్ ఆఫ్ చిలీ’ అనే మూడు భాగాల సినిమా అయ్యాయి. ఆ సినిమాకి కెమెరా పట్టిన హోర్హే ముల్యెర్ మాత్రం దేశం దాటలేదు. 1974 నవంబర్‌లో ఆయన్నీ, ఆయన సహచరి, నటి కార్మెన్ బ్వేనోనీ రహస్య పోలీసులు పట్టుకెళ్లారు. ఇద్దరూ ఇప్పటికీ ‘అదృశ్యమైనవాళ్ల’ జాబితాలోనే ఉన్నారు. గుస్మాన్ అప్పట్నుంచీ బయటి దేశాల్లోనే బతుకుతూ, సినిమా మీద సినిమాగా చిలీ గురించే తీస్తున్నాడు. ఈ మనిషికి ఇంకో సబ్జెక్టు లేదా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. తన కెమెరామన్ ఏమయ్యాడో తెలియని మనిషికి ఇంకో సబ్జెక్టు ఎక్కడ్నుంచి వస్తుంది?

స్టేడియం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సవరణ. చిలీ అనగానే మనవాళ్లకి నెరూడా, ఆ వెంటనే విక్టర్ హారా గుర్తొస్తారు. హారాని చంపింది నేషనల్ స్టేడియంలో అని చాలామంది రాస్తుంటారు. అది వేరే చోటు, ఎస్టాడియో చిలే అనే చిన్న ఇండోర్ స్టేడియం. ఇప్పుడు దానికి హారా పేరే పెట్టారు. నేషనల్ స్టేడియం కథ వేరు, అది ఇంకా విచిత్రం. ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కి అర్హత కోసం చిలీ, సోవియట్ యూనియన్ రెండు మ్యాచ్‌లు ఆడాలి. మొదటిది సెప్టెంబర్ చివర్లో మాస్కోలో డ్రాగా ముగిసింది. రెండోది నవంబర్ 21న ఈ స్టేడియంలో. అప్పుడు అందులో వేలమంది ఖైదీలున్నారు. ఫిఫా ప్రతినిధులు తనిఖీకి వచ్చిన రోజున వాళ్లని కనబడకుండా లోపల దాచారు. అంతా బాగానే ఉందని వాళ్లు నివేదిక ఇచ్చేసి వెళ్లారు. రక్తం చిందిన మైదానంలో ఆడమని సోవియట్ జట్టు రానంది. చిలీ ఆటగాళ్లు ఖాళీ మైదానంలోకి దిగి, ఎదుట ఎవరూ లేని గోల్‌లోకి బంతి తన్ని గెలిచామన్నారు. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది, ఓపికుంటే చూడండి. ఒక నిమిషం కూడా ఉండదు గానీ చూశాక ఆ పూట ఇంకో పని చేయబుద్ధి కాదు.

మరి ఖైదీలు ఏమయ్యారు? మ్యాచ్ కోసం స్టేడియం ఖాళీ చెయ్యాలి కదా. కొందర్ని వదిలేశారు. కొన్ని వందలమందిని ఓడలో ఉత్తరాన ఆంటోఫగస్టా రేవుకి, అక్కడ్నుంచి ఎడారిలోకి, చకబూకో అనే చోటికి తరలించారు. గుస్మాన్ సినిమా గుండెకాయ ఈ చకబూకోలోనే ఉంది.

*

చకబూకో ఒక పాడుబడ్డ సురేకారం ఊరు. అటకామా ఎడారి నేలలో నైట్రేటు పుష్కలంగా దొరికేది. ఎరువుకీ, తుపాకి మందుకీ పనికొచ్చే ఆ ఉప్పు కోసమే చిలీ పంతొమ్మిదో శతాబ్దంలో పెరూ, బొలీవియాలతో యుద్ధం చేసి ఆ ఎడారిని గెలుచుకుంది. తర్వాత జర్మన్లు గాల్లోంచే నైట్రోజన్ పట్టి ఎరువు చేయడం కనిపెట్టారు. ఎడారి ఉప్పు గిరాకీ పడిపోయింది. 1920లలో కట్టిన చకబూకో పట్టుమని ఇరవై ఏళ్లు కూడా నడవకుండా మూతపడింది. కార్మికుల ఇళ్ల వరసలు, నాటకశాల, ఫ్యాక్టరీ పొగగొట్టం అలాగే నిలబడిపోయాయి. 1971లో అలెండీ ప్రభుత్వం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి అలెండీ మనుషులే అందులో ఖైదీలు.

గుస్మాన్ ఇక్కడ ఒక మాటంటాడు. గని కార్మికుల క్వార్టర్లని జైలుగా మార్చడానికి సైన్యం పెద్దగా కష్టపడలేదు, ముళ్లకంచె ఒక్కటి చుడితే సరిపోయింది అని. వ్యంగ్యంగా కూడా అనడు, మామూలుగా చెప్పేస్తాడు. కార్మికులు బతికిన బతుక్కీ ఖైదీలు బతికిన బతుక్కీ మధ్య తేడా ఒక కంచె అన్నమాట. అలెండీ ఎందుకు గెలిచాడో చెప్పడానికి వంద పేజీలు రాయొచ్చు, ఈ ఒక్క మాటా చెప్పొచ్చు.

ఈ శిబిరంలో లూయిస్ ఎన్రీకెజ్ అనే ఖైదీ ఉండేవాడు. సినిమాలో ఆయన చకబూకోకి మళ్లీ వచ్చి మనకి చూపిస్తాడు. ఖైదీల్లో ఆల్వరెజ్ అనే డాక్టరుగారికి ఖగోళశాస్త్రం తెలుసు. ఓ ఇరవై మందిని పోగేసి పాఠాలు మొదలుపెట్టాడు. పగలు సిద్ధాంతం, రాత్రి ఆకాశం. అటకామా ఆకాశం ఎలాంటిదో ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రపంచంలో అతి పెద్ద టెలిస్కోపుల్లో చాలావాటిని తీసుకెళ్లి ఆ చుట్టుపక్కల కొండల మీదే పెట్టారు. గాల్లో తేమ లేదు, మబ్బు లేదు, ఊరి వెలుతురు లేదు. ఖైదీలకి కళ్లు తప్ప ఇంకేం లేవు. చేతికి దొరికిన వస్తువులతో నక్షత్రాల స్థానం కొలిచే చిన్న పరికరం చేసుకున్నారు. దాన్ని ఎలా పట్టుకుని చూసేవాళ్లో ఎన్రీకెజ్ చూపిస్తాడు. ఆ చూపించడంలో ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా విద్యార్థి ఉత్సాహం కనబడుతుంది.

కొన్నాళ్లకి సైన్యం ఆ పాఠాలు ఆపించేసింది. నక్షత్రాలు గుర్తుపట్టడం నేర్చుకుంటే దిక్కులు తెలుసుకుని పారిపోతారని అధికారుల భయం. నేను ఈ చోట నవ్వాను, ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఎందుకంటే సైనికులు పొరపాటు పడలేదు. ఆ క్లాసులు తనకి స్వేచ్ఛ ఇచ్చాయనే ఎన్రీకెజ్ అంటాడు. ఆకాశంకేసి చూస్తున్నంతసేపూ తను ఖైదీ కాదు. ఖైదీలు పారిపోతున్నారని కాపలావాళ్లకి సరిగ్గానే తెలిసింది, ఏ దారిన అన్నదే తెలియలేదు.

జైలు సినిమాలు చూడడం అలవాటైన నాకు ఇది కొత్తగా ఉంది. మామూలుగా ఇలాంటి సినిమాల్లో చిత్రహింస చూపిస్తారు, మనం కళ్లు మూసుకుంటాం, బయటికొచ్చి ఎంత ఘోరమో అనుకుంటాం. గుస్మాన్ ఒక్క దెబ్బ చూపించడు, ఖైదీలుగా నటులనీ పెట్టడు. బతికి బయటపడ్డవాళ్లని కూర్చోబెట్టి, ఎలా బతికారని అడుగుతాడు. ఒకాయన నక్షత్రాలు చూశానంటాడు. ఇంకొకాయన అడుగులు కొలిచానంటాడు. ఇద్దరిదీ ఒక రకంగా ఒకే పని. తనని మూసిపెట్టిన చోటుని తనే లెక్కగట్టడం. ఎక్కడున్నానో నాకు తెలుసు అనుకోగలగడం.

*

లావ్నర్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన ఉన్న శిబిరాల్లో ఒకటి డాసన్ దీవి. దక్షిణాన, మెజెల్లాన్ జలసంధిలో, మంచూ గాలీ తప్ప ఏమీ లేని చోటు. అలెండీ మంత్రుల్నీ, ముఖ్య నాయకుల్నీ అక్కడికే పంపారు. వాళ్లలో హోసె తోహా 1974లో సైన్యం చెరలోనే చనిపోయాడు. ఒర్లాండో లెటెలియెర్ విడుదలై అమెరికా వెళితే 1976లో వాషింగ్టన్ నడివీధిలో కారు కింద బాంబు పెట్టి చంపారు. అంతకుముందు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, అదే దీవిలో ఆ ప్రాంతపు ఆదివాసుల్ని మిషనరీల కింద పోగేసి ఉంచారు, రోగాలతో చాలామంది అక్కడే పోయారు. గుస్మాన్ దీని గురించి తర్వాత 2015లో ‘ద పర్ల్ బటన్’ తీశాడు. నా మటుకు నాకు అది దీనంత మంచి సినిమా అనిపించలేదు. ఇక్కడ వాటంతట అవే అల్లుకున్న విషయాల్ని అక్కడ పట్టుబట్టి అల్లినట్టుంది.

ఆ దీవిలో పాడుబడ్డ ఒక చర్చి ఉంటే లావ్నర్ ఆధ్వర్యంలో ఖైదీలు దాన్ని బాగుచేశారు. మరీ ఇంతలా జైల్లో పని చేయాలా అనిపిస్తుంది మనకి. కానీ చేతిలో పనున్నవాడికి ఆ పనే ఆధారం. ఆర్కిటెక్టు కొలవకుండా ఉండలేడు. సాఫ్ట్‌వేర్‌లో పదమూడేళ్లుగా ఉన్న నేను ఒక్కోసారి అనుకుంటాను, అలాంటి చోట పడితే నా దగ్గరున్న విద్యలో కంప్యూటర్ లేకుండా పనికొచ్చేది ఏముందని. ఇప్పటిదాకా జవాబు దొరకలేదు.

ఆ బొమ్మల విలువ సెంటిమెంటు కాదు, సాక్ష్యం. ప్రభుత్వం మొదట్నుంచీ పాడుతున్న పాట ఒకటే: అలాంటి శిబిరాలు లేవు, అలాంటి మనుషులు మా దగ్గర లేరు. కొన్ని శిబిరాల్ని తర్వాత ఆనవాలు లేకుండా పీకేశారు. ఫోటో లేదు, కట్టడం లేదు, రికార్డు సైన్యం చేతిలో ఉంది. అలాంటప్పుడు ఒక మనిషి, ఫలానా గది ఇన్ని అడుగులు, కిటికీ ఇటువైపు అని గీసి చూపిస్తే, అందులో ఉన్న మిగతా ఖైదీలంతా అవునంటే, దాన్ని కాదనడం కష్టం. కొట్టారు, ఏడిచాం అంటే అబద్ధమనొచ్చు. గుమ్మం నుంచి కంచెకి ఇన్ని అడుగులని చెప్పేవాణ్ణి ఏమనగలరు?

ఈ లావ్నర్ భార్య అనీటా. ఆమె కూడా ఆర్కిటెక్టే. సినిమా తీసేనాటికి ఆమెకి అల్జైమర్స్. భార్యాభర్తలు పక్కపక్కన ఉంటారు. ఒకరు ఏదీ మర్చిపోనివారు, ఒకరు అంతా మర్చిపోతున్నవారు. వీళ్లిద్దరూ కలిసి తనకి చిలీలా కనిపిస్తారని గుస్మాన్ అంటాడు. ఇది చదివితే మరీ సినిమాటిక్‌గా ఉందే అనిపిస్తుంది. నాకూ అనిపించేదేమో, మా అమ్మమ్మ విషయం లేకపోతే.

అమ్మమ్మ వాళ్ల ఊరు కర్నూలు జిల్లాలో, శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిన ఊళ్లలో ఒకటి. దాన్నీ చిలీనీ పోల్చడం లేదు, ఆ రెండూ ఒకటి కావు. విషయమల్లా ఆవిడ ఆ ఇంటి గురించి చెప్పే తీరు. వాకిట్లోంచి బావికి ఇన్ని అడుగులు, గాదె దగ్గర వంగి నడవాలి, దూడని కట్టే గుంజ ఎడమ చేతివైపు. చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. ఈ సినిమా చూశాక ఒక సంక్రాంతికి కాగితం, పెన్సిలు పట్టుకెళ్లాను, ఆవిడ చెబుతుంటే ఇంటి ప్లాన్ గీద్దామని. అప్పటికి ఆలస్యమైపోయింది. నన్ను మా మావయ్య అనుకుంది, బావి దగ్గరికి వెళ్లొద్దని కోప్పడింది. ఎన్నడుగులే అమ్మమ్మా అంటే చేత్తో చూపించింది గానీ లెక్క చెప్పలేదు. అమ్మ ఒక లెక్క చెబుతుంది, మావయ్య ఒకటి చెబుతాడు. ఆ కాగితం మీద నేను గీసిన నాలుగు గీతలు ఇంకా ఎక్కడో ఉన్నాయి.

*

ప్రవాసం గురించి సినిమా తక్కువే మాట్లాడుతుంది. అది నాకు లోటనిపించింది. చిలీ వదిలి వెళ్లినవాళ్లు సుమారు రెండు లక్షల మందని అంచనా, అప్పటి దేశ జనాభా కోటి. 1975లో ఒక చట్టం తెచ్చి జైలు శిక్షని దేశ బహిష్కారంగా మార్చుకునే వీలిచ్చారు. వినడానికి దయలా ఉంటుంది. కానీ వెళ్లినవాడు అనుమతి లేకుండా తిరిగి రాకూడదు. వాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఎల్’ అనే అక్షరం గుద్దేవాళ్లు. నువ్వు జాబితాలో ఉన్నావని దాని అర్థం. అమ్మ పోయినా రాలేవు. సినిమా దర్శకుడు మిగెల్ లిత్తీన్ 1985లో మారువేషంలో, దొంగ కాగితాలతో చిలీ వచ్చి ఆరు వారాలు తిరిగి సినిమా తీసుకెళ్లాడు. ఆ కథని గార్సియా మార్క్వెజ్ పుస్తకం చేస్తే, దాని ప్రతులు పదిహేను వేలు వల్పరైసో రేవులో తగలబెట్టారు.

గుస్మాన్ సినిమాలో ప్రవాసం ఒక కుర్ర ఇంజనీరు రూపంలో వస్తుంది. ఎడారిలో అల్మా అనే రేడియో టెలిస్కోపు కడుతున్న రోజులవి, ఐదు వేల మీటర్ల ఎత్తున అరవైఆరు యాంటెన్నాలు. ఈ అబ్బాయి అక్కడ పని చేస్తున్నాడు. జర్మనీలో ప్రవాసంలో పుట్టాడు, తను ఏ దేశానికీ చెందనివాణ్ణంటాడు. వాళ్లమ్మ చిలీకి తిరిగొచ్చి, చిత్రహింసలు పడ్డవాళ్లకి, తమవాళ్లు మాయమైనవాళ్లకి వైద్యం చేస్తుంటుంది. కొడుకేమో కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన సంకేతాలు వింటుంటాడు. గుస్మాన్ దీన్ని కూడా సాగదీయకుండా వదిలేశాడు. నాకైతే ఇంకో పది నిమిషాలు ఆ అబ్బాయిని మాట్లాడిస్తే బాగుండేదనిపించింది. అమ్మానాన్నల జైలు కథలు వింటూ పరాయి భాషలో బడికెళ్లినవాడికి చిలీ అంటే ఏమిటో వాడే చెప్పాలి కదా.

*

ఇక కలామా ఆడవాళ్లు. ఈ సినిమా గురించి రాసే ప్రతివాళ్లూ వీళ్లతోనే మొదలుపెడతారు. నేను కావాలనే చివరికి పెట్టుకున్నాను.

1973 అక్టోబర్ 19న జనరల్ సెర్హియో అరెయానో బృందం హెలికాప్టర్‌లో కలామా పట్నంలో దిగింది. ఊరూరూ తిరిగి జైళ్లలోంచి ఖైదీల్ని తీసి చంపుతూ వచ్చిన బృందమది. చిలీ జనం దానికి ‘మృత్యు యాత్ర’ అని పేరు పెట్టారు. కలామాలో ఇరవైఆరు మందిని చంపారు. వాళ్లలో రేడియో నడిపిన పాత్రికేయుడు కార్లోస్ బెర్గెర్ ఉన్నాడు. సైన్యం చెప్పినా రేడియో ఆపనందుకు ఆయనకి పడింది రెండు నెలల శిక్ష మాత్రమే. శవాల్ని ఇళ్లవాళ్లకి ఇవ్వలేదు, ఎడారిలో పూడ్చేశారు. కొన్నేళ్ల తర్వాత ఎవరికీ దొరకకూడదని మళ్లీ తవ్వి, తీసి, ఇంకెక్కడికో తరలించారు. యంత్రాలతో తవ్వారు కాబట్టి చిన్న చిన్న ముక్కలు మిగిలిపోయాయి. 1990లో, పినోచెట్ గద్దె దిగిన ఏడాది, ఆ ముక్కలు బయటపడ్డాయి.

ఆడవాళ్లు అప్పటికే ఏళ్లుగా వెతుకుతున్నారు. చిన్న పారలతో, చేతులతో, ఎడారి మట్టిని జల్లిస్తూ. ఆ తర్వాతా వెతికారు. విక్టోరియా సావెద్రకి దొరికింది తన తమ్ముడి పాదం, బూటులో, మేజోడుతో సహా. ఆ పొద్దంతా ఆ పాదం దగ్గరే గడిపానని చెబుతుంది. తమ్ముడు ఇక లేడని అప్పుడే నిజంగా నమ్మిందట. వియొలేతా బెర్రియోస్ వేరే మనిషి. ఆవిడకి ముక్క అక్కర్లేదు. తీసుకెళ్లినప్పుడు మనిషిని నిండుగా తీసుకెళ్లారు, నిండుగానే ఇవ్వమంటుంది. డెబ్భై ఏళ్ల ఆవిడ, ఎడారిలో నేల మీద కూర్చుని, కోపంగా, కన్నీళ్లతో. టెలిస్కోపులు ఆకాశంలోకి కాకుండా నేలలోకి చూడగలిగితే ఎంత బాగుండునో అంటుంది.

ఆకాశం శుభ్రంగా ఉండడానికీ, నేలలో శవం చెడకుండా ఉండడానికీ కారణం ఒకటే, ఆ ఎండు గాలి. అటకామాలో వేల ఏళ్లనాటి శవాలు కూడా చర్మంతో సహా దొరుకుతాయి. ఎక్కడో వాన కురిసే చోట పూడ్చి ఉంటే ఆ నేల హంతకుల పక్షాన ఉండేది. ఈ నేల ఏదీ అరిగించుకోదు. అందుకే రెండోసారి తవ్వాల్సొచ్చింది.

ఈ సినిమా మీద ఒక ఆక్షేపణ ఉంది. నాతో పాటు చూసిన మిత్రుడు గట్టిగానే అన్నాడు. ఎముకల్లో కాల్షియం నక్షత్రాల్లో పుట్టిందే, మనమంతా ఒకే ధూళి అనే ధోరణిలో పడితే హత్య చేసినవాడూ ధూళే, చచ్చినవాడూ ధూళే, ఇంక కోర్టులెందుకు అని. ఆ వాదంలో బలముంది. పదే పదే తెర మీద మెరిసే ధూళి కణాలు చల్లినప్పుడు నాకూ చిరాకేసింది. అలెండీ ఎవరో, అమెరికా పాత్ర ఏంటో, ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తెలియని ప్రేక్షకుడికి ఈ సినిమా చాలా తక్కువ చెబుతుంది. అది తెలియాలంటే ముందు ‘బ్యాటిల్ ఆఫ్ చిలీ’ చూడాల్సిందే.

కానీ ఆ ఆక్షేపణకి జవాబు సినిమాలోనే ఉంది, అదీ ఒక ఖగోళ శాస్త్రవేత్త నోటి నుంచి. గాస్పర్ గలాజ్ అనే ఆయన మొదట్లో మనకి సరదాగా పాఠం చెబుతాడు. చంద్రుడి వెలుగు మనల్ని చేరేసరికి ఒక సెకను దాటిపోతుంది, సూర్యుడిది ఎనిమిది నిమిషాలు, కాబట్టి మనం చూసేదంతా గతమే అని. మేమూ గతాన్నే వెతుకుతాం, ఆ ఆడవాళ్లూ గతాన్నే వెతుకుతారు అన్నదాకా వచ్చి, అక్కడ ఆగి తేడా చెబుతాడు. రాత్రంతా గతాన్ని చూసి వచ్చి తను హాయిగా నిద్రపోగలడు. వాళ్లు పోలేరు. మా మిత్రుడికి ఇది గుర్తుచేస్తే, అది శాస్త్రవేత్త మాట, డైరెక్టర్ మాట కాదన్నాడు. దాన్ని కత్తిరించకుండా ఉంచింది డైరెక్టరే కదా అన్నాను. అక్కడితో ఆగాం.

*

1988 రెఫరెండంలో దాదాపు 56 శాతం మంది పినోచెట్ వద్దన్నారు. 1990 మార్చిలో దిగిపోయాడు. 1998లో లండన్‌లో అరెస్టయ్యాడు, ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో తిరిగొచ్చాడు. 2006లో ఒక్క శిక్షా పడకుండా మంచం మీద చనిపోయాడు. లావ్నర్‌కి 2019లో దేశపు జాతీయ ఆర్కిటెక్చర్ పురస్కారం వచ్చింది.

మాయమైనవాళ్లని వెతికే పని ఆడవాళ్ల పారల నుంచి ప్రభుత్వం చేతికి రావడానికి సైనిక కుట్ర జరిగి యాభై ఏళ్లు పట్టింది. 2023 ఆగస్టులో బోరిచ్ ప్రభుత్వం జాతీయ అన్వేషణ ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రకటన నాటికి లెక్క ఇది: మాయమైనవాళ్లూ, చంపి శవాలు అప్పగించనివాళ్లూ కలిపి 1,469 మంది. ఆనవాళ్లు దొరికి, ఫలానావాళ్లని గుర్తించింది 307 మందిని. మిగతావాళ్లు ఎక్కడున్నారో పూడ్చినవాళ్లకి తెలుసు, వాళ్లు కూడా ముసలివాళ్లై ఒక్కొక్కరే పోతున్నారు. అడిగితే గుర్తులేదంటారు.

ఆ వార్త చదివిన రాత్రి సినిమా మళ్లీ పెట్టుకున్నాను, మొత్తం కాదు, చకబూకో భాగం వరకు. ఎన్రీకెజ్ ఒక గోడ దగ్గర నిలబడి ఉంటాడు. దాని మీద ఖైదీలు రాసుకున్న పేర్లు వెలిసిపోయి ఉంటాయి. ఆయన దగ్గరికి వంగి, ఒక్కో అక్షరాన్ని పోల్చుకుంటూ, అది ఎవరి పేరో చెబుతుంటాడు.